మిషన్ పడితే బొట్టు మీద నింద

మా కంప్యూటర్ సారు పోయిండు. మొన్న పొద్దుగాల ఆయన భార్య ఫోన్ చేసి, "అన్నా, సారు ఇగ లేడు" అన్నది. నేను చదివింది నాలుగో తరగతి. తప్పులుంటే దిద్దుకొని చదువుండ్రి. గీ మనిషి గురించి నేను రాయకపోతే ఇంకెవలు రాయరు.

తొంభైలల్ల నస్పూర్ దిక్కు ఒక ఆఫీసుల నేను అటెండర్ను. కార్మికుల హాజరంత ఒక పెద్ద కంప్యూటర్ల ఉండేది. ఆ అర్ర ఊడ్చుడు, ప్రింటర్ల నుంచి కాయితాలు చింపుడు నా పని. దసరాకు అన్ని మిషన్లకు పెట్టినట్టే దానికీ కుంకుమబొట్టు పెట్టిన. కొబ్బరికాయ గడప బయటనే కొట్టిన. ఆ వారం నుంచే మిషన్ పడుడు మొదలైంది. నడుస్తు నడుస్తు తెర నల్లగై, నాలుగు తెల్ల అక్షరాలు పడి ఆగిపోయేది.

"కుంకుమ లోపలికి పోయింది. గీ పూజారిని పంపిస్తెనే మిషన్ బాగైతది" అన్నడు మా ఆఫీసర్. అందరు నవ్విండ్రు. నా నౌకరి అప్పటికి పర్మనెంట్ కాలే. వారంల మిషన్ బాగుగాకపోతే నన్ను తీసేస్తనని గడువు పెట్టిండు. నేను ఎవలి కాళ్లు మొక్కలే. తప్పు చెయ్యనోన్ని ఎందుకు మొక్కుత?

అప్పుడు కరీంనగర్ నుంచి సారును పిలిపించిండ్రు. సన్నటి మనిషి, చెవి మీద పెన్సిల్. ముందుగాల మూత ఇప్పి టార్చి కొట్టి చూసిండు. "లోపల కుంకుమ రవ్వంత లేదు" అన్నడు.

"మరెందుకు పడుతుంది?" అన్నడు ఆఫీసర్. "ఇంకా చూడాలె" అని సారు మూత బిగించిండు.

సారు ఎన్నడు "ఎవరు చేసిండ్రు" అని అడుగలే. "దేని తర్వాత ఏమైంది, గంతే చెప్పుండ్రి" అనేటోడు. పడేటప్పుడు మిషన్ తన చేతుల ఉన్న పనంత రాసి పెట్టి పడుతదట. అదంత ప్రింట్ తీసి, నేల మీద పరిచి, మూడు దినాలు గీతలు కొట్టిండు. అన్నిట్ల ఆఖరుకు ప్రింటర్ పేరే వచ్చింది. ప్రింటర్ మార్చిండ్రు. మళ్ల పడ్డది.

నాలుగో దినం చాయ ఇయ్యబోతే నన్నే అడిగిండు.

"కాకా, పడే ముందు నువ్వేం చూసినవ్?"

"చూసుడు మీ పని సారు. నేను ఇన్న."

"ఏం ఇన్నవ్?"

"ప్రింటర్ టకటక కొడుతుండె, హాజరు లెక్కలు దాచే టేపు గిర్రున తిరుగుతుండె. రెండు సప్పుళ్లు కలిసినప్పుడే పడ్డది. ఒక్కటే నడిస్తే ఎన్నడు పడలే."

సారు గ్లాసు కింద పెట్టిండు. "గీ టేపు మిషన్ ఎప్పుడచ్చింది?"

"దసరా వారంలనే. పాతది తీసి ఇది పెట్టిండ్రు."

"నాకెవలు చెప్పలే."

"అందరు బొట్టు మీదనే ఉండిరి గద."

ప్రింటర్ ఒక్కటే నడిపిండు, పడలే. టేపు ఒక్కటే నడిపిండు, పడలే. రెండు కలిపిండు. చాయ చల్లారకముందే పడ్డది. మిషన్ పడ్డందుకు నవ్వినోళ్లం ఆ ఆఫీసుల మేమిద్దరమే.

"పడ్డప్పుడు తెర మీద వచ్చే కర్నల్ అంటే మిషన్ లోపలి పెద్దమనిషి కాకా" అని సారు చెప్పిండు. "ఎవలి జాగ ఎవలిదో అదే చూస్తది. కొత్త టేపు ప్రోగ్రాం పోయి ప్రింటర్ జాగల రాస్తుంది. పెద్దమనిషికి ఎటూ తోచక కూలబడుతుంది. దెబ్బ తిన్న ప్రింటర్‌నే నేను దొంగ అనుకున్న."

పాత టేపు మళ్ల పెట్టించిండు. ఆఫీసర్ రాంగనే, "పట్టిచ్చింది గీ కాకనే. రిపోర్టు కాయితం మీద గట్లనే రాసిన" అన్నడు సారు. ఆఫీసర్ మాఫీ అడుగలే, "పని చేసుకో పో" అన్నడు. నాకు గంతే చాలు. అటెన్క పర్మనెంట్ అయిన, అదే అర్రల రిటైర్ అయిన.

సారును తలిస్తే నాకు పాత టేపు పెట్టినంక ఆ మధ్యాహ్నమే యాదికొస్తది. ఆయన ఆ కాయితాల మీదనే ఒరిగి నిద్ర పోయిండు. ప్రింటర్ కొడుతుంది, టేపు తిరుగుతుంది. సారు చెంపకు ఒక కాయితం అంటుకొని, ఊపిరి తీసినప్పుడల్ల లేస్తుంది, దిగుతుంది. నేను గడపల కూసొని ఇనుకుంట ఉన్న.