విక్టర్ బాబు గారి ‘పర్లేదండీ’

2023 మే నెల. విజయవాడ బెంజ్ సర్కిల్ నుంచి పటమట వైపు వెళ్ళే దారిలో, మొదటి అంతస్తులో ఉన్న ఒక సంగీత వాయిద్యాల దుకాణంలో నేను కౌంటర్ చూస్తున్నాను. అప్పటికి పద్ధెనిమిదేళ్ళ సర్వీసు. హార్మోనియం నుంచి రిథమ్ ప్యాడ్ దాకా అన్నీ అమ్మాను గానీ, నాకు వాయించడం రాదు. గిటార్ శ్రుతి చేసి ఇవ్వడం వరకే నా విద్య. దుకాణంలో ఒక స్టూలు ఉంటుంది. అది వాయించి చూసుకునే కస్టమర్‌కి. మేం మాత్రం పొద్దున పదింటి నుంచి షట్టర్ దించేదాకా నిలబడే ఉండాలి.

“రోజంతా పాటలు వింటూ హాయిగా ఉంటారు కదండీ” అంటారు నా ఉద్యోగం గురించి విన్నవాళ్ళు. మేం వినేది పాటలు కాదు. కొత్తగా నేర్చుకున్న అవే నాలుగు గిటార్ కార్డ్స్‌ని రోజుకి పదిమంది చొప్పున వాయిస్తుంటే వింటాం. అయిదో ఏడు దాటేసరికి చెవి దానంతటదే మూసుకోవడం నేర్చుకుంటుంది. పదో ఏట మోకాళ్ళ నొప్పులు మొదలవుతాయి.

ఆంప్లిఫయర్ కోసం వచ్చేవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న “ఎన్ని వాట్సండీ?” అని. పొలం బేరానికి వచ్చి ఎన్ని ఎకరాలని మాత్రమే అడిగినట్టు ఉంటుంది. నీళ్ళు ఎక్కుతాయా, దారి ఉందా అని ఎవరూ అడగరు. వాట్ అంటే ఆంప్లిఫయర్ శక్తి. ఇంట్లో ప్రాక్టీసుకి పది వాట్లే ఎక్కువ. స్టేజీ మీద డ్రమ్స్ పక్కన అదే పది వాట్లు ఎవరికీ వినపడదు. ఈ రెండిటికీ ఒకటే కావాలని వచ్చేవాళ్ళతోనే మాకు అసలు పని.

ఆ రోజు విక్టర్ బాబు గారు వచ్చేసరికి మధ్యాహ్నం రెండున్నర అయింది. నాకు షుగర్ ఉంది. రెండు దాటితే చేతులు వణుకుతాయి. వెనక అరలో కేరేజీ పెట్టుకుని, ఈయన వెళ్ళగానే విప్పుదామని చూస్తున్నాను. యాభై ఏళ్ళుంటాయి ఆయనకి. ఇస్త్రీ చొక్కా, భుజాన సంచిలో ఎలక్ట్రిక్ గిటార్. పామర్రులో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టారట. ఆదివారాలు చర్చిలో, పెళ్ళిళ్ళ సీజన్లో ఒక ఆర్కెస్ట్రాలో గిటార్ వాయిస్తారు.

“చిన్న ఆంప్లిఫయర్ ఒకటి చూపిస్తారాండీ? ఇంట్లో ప్రాక్టీసుకీ, బయట ప్రోగ్రాములకీ ఒకటే సరిపోవాలి. బస్సులో తీసుకెళ్ళాలండీ, పెద్దదైతే కండక్టర్ ఊరుకోడు.”

“ఇప్పటిదాకా ఎలా వాయిస్తున్నారండీ?”

“గిటార్ వైరు నేరుగా సౌండ్ మిక్సర్లో పెట్టేస్తున్నామండీ. వినపడట్లేదంటున్నారు. మా లీడర్ గారు చెప్పేశారు, ఇంకోసారి ఇలాగే ఉంటే కీబోర్డాయన గిటార్ టోన్ వేసేస్తాడు, మీరు ఇబ్బంది పడొద్దు మాస్టారూ అని.” ఆయన నవ్వుతూనే చెప్పారు. “ఇరవై ఆరేళ్ళుగా అదే ఆర్కెస్ట్రా అండీ నాది.”

ఇప్పుడు రాస్తుంటే ఆ మాట ఎంత బరువో తెలుస్తోంది. కీబోర్డులో ఒక బటన్ నొక్కితే గిటార్ లాంటి శబ్దం వస్తుంది. ఆ బటన్ వచ్చాక మన వైపు ఎంతమంది గిటారిస్టులు స్టేజీ దిగిపోయారో నాకు తెలుసు. వాళ్ళ పాత గిటార్లు మా దగ్గరికే అమ్మకానికి వచ్చేవి. అయినా ఆ రోజు నా చెవి ఆయన మీద లేదు. కేరేజీ మీద ఉంది.

పై అరలోంచి పది వాట్ల ప్రాక్టీస్ ఆంప్లిఫయర్ దింపాను. అమ్మకాల్లో మాకు అది తేలికైన సరుకు. చిన్నది, తేలిక, హెడ్‌ఫోన్ పెట్టుకునే వీలుంది. దుకాణంలో ఏసీ చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఆ నిశ్శబ్దంలో ఏ ఆంప్లిఫయరైనా సింహమే. ఆయన స్టూలు మీద కూర్చుని నిమిషం సేపు వాయించారు. వాల్యూమ్ సగం దాటించి, మళ్ళీ వెనక్కి తిప్పారు.

“ఎలా ఉందండీ?” అన్నాను.

ఆయన నా వంక చూశారు. “పర్లేదండీ” అన్నారు.

నేను డబ్బా కట్టేశాను.

కృష్ణా జిల్లాలో పుట్టి పెరిగినవాణ్ణి. ‘పర్లేదు’ అనే మాటకి మన దగ్గర ఎన్ని అర్థాలున్నాయో నాకు తెలియక కాదు. బాగుంది అన్నా పర్లేదే, వద్దు అన్నా పర్లేదే. కాలు తొక్కితే పర్లేదు, ఇంకో గరిటె వడ్డించబోతే పర్లేదు. చావు ఇంటికెళ్ళి ఎలా ఉన్నారని అడిగినా పర్లేదండీ అనే అంటారు. మొహమాటం మీద మనవాళ్ళకో మోటు సామెత కూడా ఉంది, ఇక్కడ రాయలేను గానీ అందరికీ తెలిసిందే. ఇన్ని తెలిసినవాణ్ణి, ఆకలేసేసరికి అందులో నాకు పనికొచ్చే అర్థం ఒక్కటి ఏరుకున్నాను.

మూడు వారాల తర్వాత ఆయన మళ్ళీ వచ్చారు. ఈసారి వెంట ఆయన భార్య సుశీల గారు ఉన్నారు. ఆసుపత్రిలో నర్సు. నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టున్నారు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. డబ్బా ఆవిడే పట్టుకొచ్చి కౌంటర్ మీద పెట్టారు.

“మార్చమని కాదండీ” అన్నారు విక్టర్ బాబు గారు. “ఇటు పనుండి వచ్చాం, ఒకసారి చూపిద్దామని...”

“మార్చమనేనండీ” అన్నారు సుశీల గారు. “ఏ పనీ లేదు. దీనికోసమే నిద్ర మానుకుని వచ్చాను.”

జరిగింది ఆవిడే చెప్పారు. ఉయ్యూరులో ఒక రిసెప్షన్. మొదటి పాటకే గిటార్ వినపడలేదు. ఈయన వాల్యూమ్ పెంచితే శబ్దం పగిలిపోయింది. ఆ చిన్న ఆంప్లిఫయర్ ముందు పెట్టడానికి సౌండ్ ఆపరేటర్ దగ్గర మిగులు మైకు లేదు. రెండో పాటకి లీడర్ కీబోర్డాయనకి సైగ చేశారు. గిటార్ బిట్ కీబోర్డులోంచి వచ్చింది. స్టేజీ మీంచి మధ్యలో లేచి వెళ్ళిపోతే బాగుండదని, ఈయన ప్రోగ్రాం అయ్యేదాకా గిటార్ ఒళ్ళో పెట్టుకుని, చేతులు ఆడిస్తూ కూర్చున్నారట.

“వాయిస్తున్నట్టు” అన్నారావిడ. “రెండు గంటలు.”

నాకు తల ఎత్తాలనిపించలేదు.

“శనివారం గుడివాడలో ఉందండీ ప్రోగ్రాం. అదే ఆఖరి అవకాశమంట. మీరు అమ్మేటప్పుడు అడిగారా ఈయన్ని, ఎలా ఉందని?”

“అడిగానండీ. పర్లేదన్నారు.”

సుశీల గారు నన్ను ఒక రోగిని చూసినట్టు చూశారు. “ఆయన పర్లేదన్నారంటే బాలేదని అర్థమండీ. కాపురానికొచ్చాక అది తెలుసుకోడానికి నాకే పదేళ్ళు పట్టింది.”

వారం దాటిన సరుకు వెనక్కి తీసుకోకూడదని దుకాణంలో రూలు. దాన్ని డిస్‌ప్లేలో పెట్టుకుంటానని ఓనరు గారికి ఫోన్ చేసి చెప్పాను. ఆయన సణిగారు, నేను విన్నాను. అది కూడా ఉద్యోగంలో భాగమే.

తర్వాత, మొదటి రోజే చేయాల్సిన పని అప్పుడు చేశాను. అరలోంచి మూడు ఆంప్లిఫయర్లు దింపాను. పక్కనే కీబోర్డ్ ఆన్ చేసి, దాని రిథమ్‌ని స్టేజీ మీద ఉన్నంత గట్టిగా పెట్టాను. సుశీల గారు చెవులు మూసుకున్నారు. ఆ రొదలో వాయించమన్నాను. నేను ఆయనకి వీపు పెట్టి, గోడకున్న వయొలిన్ల వైపు తిరిగి నిలబడ్డాను. నా మొహం చూస్తే ఈయన నిజం చెప్పరని అప్పటికి అర్థమైంది.

“ఎలా ఉందని అడగను మాస్టారూ. ఎక్కడ బాలేదో చెప్పండి.”

ఆయన ఒక్కోటీ వాయించి చూశారు. తర్వాత మెల్లగా మొదలుపెట్టారు. మొదటిదానిలో సన్న తీగలు రేకు డబ్బా మీద వానలా కొడుతున్నాయన్నారు. రెండోది వాల్యూమ్ అయిదు దాటితే మాట ముద్దగా వస్తోందన్నారు. మూడోదాన్ని చాలాసేపు వాయించి, ఇందులో వేలు తీసిన చప్పుడు కూడా తెలుస్తోంది, కానీ బాస్ ఒక్క గీత ఎక్కువ, అది తిప్పితే పోతుంది అన్నారు. పావుగంట మాట్లాడారు. తరగతిలో లెక్క తప్పు ఎక్కడుందో చూపించినట్టు, ఒక్కో తప్పూ వేలు పెట్టి చూపించారు. పద్ధెనిమిదేళ్ళలో అంత చెవి ఉన్న మనిషిని నేను చూడలేదు.

మూడోది ముప్ఫై వాట్లది. దానిని ఎంచడానికి వాట్లు కారణం కాదు. వెనక లైన్ అవుట్ అనే రంధ్రం ఉంటుంది. అందులోంచి వైరు తీసి మిక్సర్లో పెడితే, ఆంప్లిఫయర్ తయారుచేసిన శబ్దమే హాలు స్పీకర్లలోకి వెళుతుంది. చిన్న పెట్టె స్టేజీ మీద ఆయన చెవికి, హాలు మొత్తానికి ఆర్కెస్ట్రా వాళ్ళ పెద్ద బాక్సులు. మైకు కోసం ఎవరినీ బతిమాలక్కర్లేదు. ఇంట్లో సుశీల గారు పగలు పడుకున్నప్పుడు హెడ్‌ఫోన్ పెట్టుకోవచ్చు. బస్సులో కాళ్ళ దగ్గర పడుతుంది.

డబ్బా కడుతూ అడిగాను. “ఇంత వినపడుతుంది కదండీ మీకు. ఆ పది వాట్లది పనికిరాదని ఆ రోజు తెలియలేదా?”

“తెలిసిందండీ. వాల్యూమ్ తిప్పగానే తెలిసింది.”

“మరి చెప్పరేంటండీ!” నాకు నిజంగానే కోపమొచ్చింది. “అడగందే అమ్మయినా పెట్టదంటారు. నేను మీ ముందే ఉన్నాను కదా.”

ఆయన ఇబ్బందిగా గిటార్ సంచి జిప్పు సర్దుకున్నారు. “మీరు కేరేజీ వంక చూస్తున్నారండీ. పెట్టె దింపేటప్పుడు చేతులు వణికాయి. మా నాన్నకీ షుగరే. ఇంకోటి దింపమంటే భోజనం ఇంకా లేటవుద్దని...”

నాకు చచ్చేంత సిగ్గేసింది. నా పూట భోజనం కోసం ఆయన ఆర్కెస్ట్రాలో తన ఇరవై ఆరేళ్ళ కుర్చీని పణంగా పెట్టారు. నేనేమో ఆయన్ని పంపించేసి, ఆ భోజనం చేశాను. వంకాయ కూర. బాగుందని కూడా గుర్తుంది.

ఆదివారం సాయంత్రం నేనే ఫోన్ చేశాను. ప్రోగ్రాం ఎలా జరిగిందని అడగబోయి, అలవాటు మార్చుకుని, “ఎక్కడ బాలేదండీ?” అన్నాను. అటువైపు నవ్వు వినపడింది.

“మూడో పాటలో బాస్ ఎక్కువైందండీ. వాయించడం ఆపి, సౌండాయన్ని పిలిచి తగ్గించమన్నాను.”

“ఆపారా? స్టేజీ మీదా?”

“ఆపానండీ. లీడర్ గారు నోరు తెరిచి చూశారు.”

ఆయన కుర్చీ మొత్తంగా దక్కిందని చెప్పను. పాత పాటలున్న ప్రోగ్రాములకి పిలుస్తున్నారు. డీజే తరహావాటికి ఇప్పటికీ కీబోర్డ్ బటనే. కానీ ఆ స్టేజీ మీద ఆయన వాయిస్తున్నట్టు నటించడం మాత్రం మళ్ళీ జరగలేదు.

ఆ తర్వాత నేను ఏ కస్టమర్‌నీ ఎలా ఉందని అడగలేదు. మన వైపు మనిషి అమ్మేవాడి మొహం చూసి జవాబు చెబుతాడు. ఆ జవాబు వస్తువు గురించి కాదు, మన గురించి. ఎక్కడ బాలేదని అడిగితే మర్యాదకి చోటుండదు, చెప్పాల్సిందే. ఇంకొకటి, ఆకలి మీద అమ్మకం చేయను. ఒంటిగంటకి తినేస్తాను, ఎవరేమనుకున్నా సరే.

పోయిన నెల ఆయన గిటార్ తీగల కోసం వచ్చారు. మధ్యాహ్నపు ఎండ, దుకాణంలో ఇంకెవరూ లేరు. తీగల ప్యాకెట్లు కింది అరలో ఉంటాయి. వంగి తీసి, కౌంటర్ పట్టుకుని లేచాను.

“ఎలా ఉన్నారండీ?” అన్నారు.

“పర్లేదండీ” అన్నాను.

ఆయన ప్యాకెట్ తీసుకోలేదు. పక్కకెళ్ళి కస్టమర్ల స్టూలు ఎత్తి తెచ్చి, కౌంటర్ లోపలికి నా వైపు పెట్టారు. పెట్టి, తాను గోడకున్న వయొలిన్ల వైపు తిరిగి, నాకు వీపు పెట్టి నిలబడ్డారు.

“ఎక్కడ బాలేదండీ?”

కూర్చున్నాను. పద్ధెనిమిదేళ్ళు దాటాక, ఆ స్టూలు మీద.

“మోకాళ్ళండీ” అన్నాను.