బీబీగారి ఆఖరి స్నానం

మా ఇంటి ఓనరు భార్య బీబీగారు పోయేముందు ఏడాదికి పైగా మట్టితోనే వజూ చేసుకుంది. వజూ అంటే నమాజుకు ముందు ముఖం, చేతులు, కాళ్లు కడుక్కోవడం. ఆవిడకు మోచేతుల దాకా, మోకాళ్ల దాకా పుళ్లు. నీళ్లు తగిలితే మానవని నారాయణగూడ డాక్టరు గట్టిగా చెప్పాడు. అలాంటి రోగికి వాళ్ల ధర్మంలో ఇంకో దారి ఉంది, దాన్ని తయమ్ముం అంటారు. శుభ్రమైన ఎండుమట్టి మీద అరచేతులు ఆనించి ముఖం మీద ఒకసారి, మళ్లీ ఆనించి చేతుల మీద ఒకసారి రాసుకుంటే వజూ అయినట్టే. అందుకని మంచం పక్కన ఒక పచ్చి ఇటుక పెట్టుకునేది. మొదటిసారి అది చూసి, ముఖానికి మట్టి అంటిందేమోనని నేను కొంగుతో తుడవబోతే, నా చెయ్యి పట్టుకుని ఆపింది.

పుళ్లు ముదిరాక లేచి కూర్చోలేకపోయేది. పడుకునే నమాజు. వంగాల్సిన చోట తల కొంచెం కదిలించేది, నేలకు నుదురు ఆనించాల్సిన చోట ఇంకొంచెం. రోగికి నిలబడటం మాఫీ, కూర్చోలేకపోతే అదీ మాఫీ, తెలివి ఉన్నంతకాలం నమాజు మాత్రం మాఫీ కాదని ఆవిడే నాకు చెప్పింది. రంజాన్‌లో ఉపవాసం ఉండలేకపోతే, రోజుకొకరి చొప్పున పేదవాళ్లకు కడుపునిండా అన్నం పెట్టించింది. దానికి బాధపడలేదు. నీళ్ల దగ్గరే ఆవిడ మనసు ఒప్పుకునేది కాదు.

“చెల్లుతది బేటీ, నాకు ఎరుకే. అల్లా కబూల్ చేస్తడు. కానీ నీళ్లు నీళ్లే గదా,” అనేది.

నేను తలంటుకుని తడిజుట్టుతో వెళితే దగ్గరకు రమ్మని, జుట్టు ముక్కు దగ్గర పెట్టుకునేది. కుంకుడుకాయ వాసన కదా అంటే, కాదు, నీళ్ల వాసన అనేది.

మేము గుంటూరు వైపు నుంచి వచ్చిన వాళ్లం. చిక్కడపల్లి మార్కెట్ వెనక, అశోక్‌నగర్ వైపు పోయే గల్లీలో వాళ్లింట్లో సగం భాగం మాకు కిరాయి. మాకూ వాళ్లకూ మధ్య ఒకే గోడ. గోడకు ఇవతల మా అత్తగారు మడి కట్టుకుని ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. అవతల డాక్టరు ఆవిణ్ని నీళ్లు ముట్టుకోనిచ్చేవాడు కాదు. నాకప్పుడు ఇరవై రెండేళ్లు, ముక్కు మీద కోపం. ముట్టుకోవడం ముట్టుకోకపోవడం మీద మనుషులకు ఇంత రాద్ధాంతం ఎందుకని ఒళ్లు మండేది. ఇప్పటికీ మండుతుంది, కాకపోతే అప్పట్లా పైకి అనేయను.

వాళ్లకు పిల్లల్లేరు. అన్నీ ఆయనే చేసేవారు. మేమాయన్ని సాహెబుగారు అనేవాళ్లం. పొద్దున్నే పుళ్ల మీది చీము దూదితో తుడిచి, తెల్లటి మందు రాసి, ఆవిడ తల దువ్వి జడ వేసేవారు. ఆ జడ ఎప్పుడూ ఓ పక్కకు వంకరగా ఉండేది. నేను వేస్తానంటే ఇద్దరూ ఒప్పుకోలేదు. మగవాడు భార్యకు జడ వేయడం నేను అంతకుముందు ఎక్కడా చూడలేదు. మా అత్తగారైతే చూడటానికే సిగ్గుపడి కిటికీ తలుపు వేసేది.

అరవై తొమ్మిది వేసవిలో ఊరంతా ప్రత్యేక తెలంగాణ గొడవలు. నారాయణగూడ కాలేజీల వైపు నుంచి కళ్లు మండే పొగ మా వంటింటి దాకా వచ్చేది. గల్లీలో మమ్మల్ని చూసి మొహం తిప్పుకునే వాళ్లు ఎక్కువయ్యారు. మా ఆయన ఆఫీసు పని మీద కర్నూలు వెళ్లి అక్కడే చిక్కుకుపోయారు. ఇంట్లో అత్తాకోడళ్లం ఇద్దరమే. మధ్యమధ్య కర్ఫ్యూ పెట్టేవాళ్లు. సాయంత్రం కాసేపు సడలిస్తున్నట్టు పోలీసు వ్యాను మైకులో చెబుతూ పోయేది.

అలాంటి ఒక కర్ఫ్యూ రోజు పొద్దున బీబీగారు పోయింది. ఏడుపు వినపడలేదు. సాహెబుగారు మా తలుపు కొట్టి, “బేటీ, ఆమె పోయింది,” అని చెప్పి, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయారు. నేను వెళ్లేసరికి ఆవిడ నిద్రలో ఉన్నట్టు కళ్లు మూసుకుని ఉంది. ఆయన మంచానికి దూరంగా, గోడకు ఆనుకుని నిలబడ్డారు. నిన్నటిదాకా ఆయన చోటు ఆ మంచం పట్టె. అక్కడికి ఎందుకు రావడం లేదో నాకు తట్టలేదు.

ఎండ ముదురుతోంది. సాయంత్రం సడలింపులోనే ఖననం అయిపోవాలి, రేపు సడలిస్తారో లేదో ఎవరికీ తెలియదు. అంతకుముందే ఆవిడకు స్నానం చేయించి, ఖననానికి కట్టే కఫన్ గుడ్డ చుట్టాలి. ఆడవాళ్లకు ఆడవాళ్లే చేయించాలి. అందుకు అలవాటైన ఆవిడ ఒకరున్నారట, ఆమె ఇల్లు మూసీ అవతల. గల్లీలో ముస్లింల ఇల్లు ఇదొక్కటే. వెనక ప్రహరీ అవతల ఒక చిన్న మసీదు ఉంది. అక్కడి ఇమాం తన కుటుంబాన్ని గొడవల భయంతో ఊరికి పంపేశాడు. మెయిన్ రోడ్డు దాటి ఎవరినైనా పిలుద్దామంటే మలుపులోనే పోలీసులు లాఠీలతో కూర్చున్నారు.

సాహెబుగారు పెరట్లో రాయి ఎక్కి, గోడ మీదుగా ఇమాంతో మాట్లాడారు. ఉర్దూలో మాట్లాడుకున్నారు, నాకు సగమే అర్థమైంది. దిగి వచ్చాక ముఖం వాడిపోయి ఉంది.

“ఏమన్నారు?” అని అడిగాను.

“ఆడమనిషి దొరకకుంటే తయమ్ముం చేయించమన్నడు. మట్టితోనే.”

ఆ మాట అని అరుగు మీద కూర్చున్నారు. ఏడాదికి పైగా మట్టితో సరిపెట్టుకున్న మనిషిని మట్టితోనే పంపాలి.

నేను ఆగలేకపోయాను. “మీరే చేయించండి. నిన్నటిదాకా ఒళ్లంతా తుడిచింది మీరు కాదా? ఆ చేతులు ఇవాళ పనికిరావా?” అన్నాను. ఆ ఇంట్లో శవం ఉందని కూడా చూడకుండా గట్టిగానే అన్నాను.

ఆయనకు కోపం రాలేదు. “పనికిరావమ్మా. ఊపిరి పోంగనే నికా తెగిపోయింది. ఇప్పుడు నేను పరాయోన్ని. చూడొచ్చు, ముట్టొద్దు.”

“ఇదేం న్యాయం?”

“అదే నేను ముందుగాల పోతే ఆమె నాకు స్నానం చేయించొచ్చు. మొగుడు పోయినంక ఆడమనిషికి ఇద్దత్ ఉంటది. నాలుగు నెలల పది దినాలు. అందాక పెండ్లాం పెండ్లామే. మొగోనికి ఇద్దత్ లేదు.” కొంచెం ఆగి, “నేనే ముందు పోవాలని దువా చేసేటోన్ని. ఇందుకోసమే,” అన్నారు.

తల ఎత్తకుండానే మళ్లీ అన్నారు: “ఇంకో మాట కూడా చెప్పిండు ఇమాంసాబ్. ముస్లిం ఆడమనిషి లేకుంటే, వేరే మతం ఆడమనిషి ఉంటే, ఆమెకు ఎట్ల చేయాల్నో నేర్పి చేయించొచ్చంట. మా ధర్మంల దానికి మసలా ఉంది, కితాబులల్ల రాసి ఉంది. కానీ నేను నిన్ను అడగలేను బేటీ. మీ ఇంట్ల ఊకోరు.”

జాలితో ఒప్పుకున్నానని చెప్పుకుంటే బాగుంటుంది. కోపంతో ఒప్పుకున్నాను. వాళ్ల చట్టం మీద, మా మడి మీద, మలుపులో పోలీసుల మీద, కర్నూల్లో కూర్చున్న మా ఆయన మీద, అందరి మీదా వచ్చిన కోపం అది. “నేర్పండి, చేస్తాను,” అని లేచాను.

మా అత్తగారు గుమ్మానికి అడ్డంగా నిలబడింది. “నీకు మతిగానీ పోయిందా అమ్మాయ్? శవాన్ని ముట్టుకుంటావా? మనవాళ్ల శవాన్నే మనం ముట్టుకోం. అందులోనూ...”

“అందులోనూ ఏమిటి అత్తయ్యా? పూర్తి చెయ్యండి.”

“రేపు మన ఊళ్లో తెలిస్తే ఏం చెప్పుకుంటావు?” అంది.

“స్నానం చేయించానని చెప్పుకుంటాను. ఆవిడకు కర్పూరం కావాలట. కొట్లు లేవు. మీ దేవుడి దగ్గరుంది, ఇవ్వండి.”

ఆవిడ ముఖం ఎర్రబడింది. లోపలికి వెళ్లి చాలాసేపు రాలేదు. ఇక ఇవ్వదనుకుని వెళ్లిపోతుంటే, కర్పూరం డబ్బా తెచ్చి నా చేతికివ్వకుండా గడప మీద పెట్టి వెనక్కి జరిగింది. “వచ్చేటప్పుడు ఇంట్లోకి రాకు. నూతి దగ్గర నీళ్లు తోడి పెడతాను,” అంది.

పెరట్లో రేగుచెట్టు ఉంది. సాహెబుగారు ఆకు దూసి తెచ్చి, నీళ్లలో వేసి మరిగించి చల్లార్చారు. ఆవిణ్ని మాత్రం మంచం మీది నుంచి బల్ల మీదికి నేనొక్కదాన్నే పరుపుదుప్పటితో సహా లాగాల్సి వచ్చింది. పుళ్ల మనిషి, బరువు లేదు. అయినా చనిపోయిన మనిషి బరువు వేరేగా ఉంటుందని ఆరోజే తెలిసింది. గదికీ హాలుకూ మధ్య పరదా వేసి, ఆయన దాని అవతల నిలబడ్డారు.

“బిస్మిల్లా అని మొదలుపెట్టు బేటీ.”

అన్నాను. నా నోరేం అరిగిపోలేదు.

ఆవిడ మీద ఒక దుప్పటి కప్పి, దాని కిందే బట్టలు తీయమన్నారు. దుప్పటి తీయకుండానే కడగాలట. బతికున్న మనిషి సిగ్గు ఎంతో చనిపోయిన మనిషి సిగ్గూ అంతే అన్నారు. ఎడమ చేతికి గుడ్డ చుట్టుకోమన్నారు. ముందు వజూ చేయించమన్నారు. నోట్లో నీళ్లు పోయకూడదు, తడి దూదితో పళ్లూ ముక్కూ తుడవాలి. తరువాత ముఖం, మోచేతుల దాకా చేతులు, తడి చెయ్యి తల మీద, ఆ తరువాత పాదాలు. ఆయన ఒక్కొక్కటీ చెప్పి ఆగేవారు, నేను “అయింది” అనేదాకా ఇంకోటి చెప్పేవారు కాదు.

చేతుల మీద నీళ్లు పోయగానే పుళ్ల మీది మందు తెల్లగా కరిగి బల్ల మీదికి కారింది. ముందురోజు ఆయన రాసిన మందే అది. అంతవరకూ నాలో ఉన్న కోపం అక్కడ పోయింది. చెంబు కింద పెట్టి ఏడ్చాను. పరదా అవతల ఆయనకు వినపడే ఉంటుంది. నేను మళ్లీ చెంబు ముంచిన చప్పుడయ్యాకే మాట్లాడారు.

“ఇప్పుడు ఎడమ పక్కకు తిప్పి పండబెట్టు. కుడి వైపు ముందు కడగాలె. తల నుంచి కాళ్ల దాకా.”

భుజం కింద చెయ్యి వేశాను.

“జర ఆహిస్తా బేటీ! ఆ భుజం నొప్పి ఉంటది ఆమెకు.”

సరేనండీ అన్నాను. నొప్పి లేదని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. అయినా ఆ భుజాన్ని మెల్లగానే తిప్పాను.

కుడివైపు అయ్యాక ఎడమవైపు. చివరిసారి కర్పూరం కలిపిన నీళ్లు పోయమన్నారు. నీళ్లు పొదుపు చేయొద్దనీ, అట్లని పారబోయొద్దనీ చెప్పారు. నేను పారబోశాననే అనుకుంటున్నాను. ఆవిడ పాదాల వేళ్ల సందుల్లో కూడా నీళ్లు నిలిచేదాకా పోశాను. చట్టం ఎంత అడిగిందో నాకు తెలియదు, ఆవిడ ఎంత అడిగేదో తెలుసు.

ఒళ్లు తుడిచి కఫన్ చుట్టడం మొదలుపెట్టాను. కుట్టు లేని తెల్ల గుడ్డలు, ఆవిడే ఎప్పుడో కొని పెట్టెలో దాచుకున్నవి. ఏది ముందు, ఏది తరువాత అని ఆయన చెబుతుంటే రెండుసార్లు తప్పి మళ్లీ పరిచాను. నుదురు, ముక్కు, అరచేతులు, మోకాళ్లు, పాదాలు, నమాజులో నేలకు తగిలే చోట్లన్నిటికీ మా అత్తగారి కర్పూరం అద్దాను.

“జుట్టు దువ్వనా?” అని అడిగాను. తడిసి చిక్కుపడి ఉంది.

“వద్దు. మయ్యత్‌కు, పోయిన మనిషికి, దువ్వొద్దు, సింగారం లేదు. రెండు పాయలు తీసి ఎద మీద వెయ్. దాని మీద తలగుడ్డ, ఆ ఓఢ్నీ కప్పు.”

చేశాను. అంతలో సడలింపు మైకు వినపడింది. మసీదు నుంచి నలుగురైదుగురు శవాన్ని తీసుకెళ్లే జనాజా డోలా మోసుకుని గేటు దగ్గరకు వచ్చారు. సాహెబుగారు వాళ్లను అక్కడే ఆగమని, పరదా తీసి లోపలికి వచ్చారు.

బల్లకు ఒక అడుగు దూరంలో ఆగారు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒక చేత్తో ఇంకో చేతి మణికట్టు గట్టిగా పట్టుకున్నారు. ముఖం మాత్రమే కనపడుతోంది ఆవిడది. పుళ్లు లేని ముఖం అది, శుభ్రంగా, నీళ్లు ఆరీ ఆరకుండా ఉంది. ఆయన చాలాసేపు చూశారు. నేను వెళ్లిపోదామని కదిలితే, “ఉండు బేటీ,” అన్నారు.

ఓఢ్నీ అంచు కింది నుంచి ఒక నెరిసిన వెంట్రుక జారి ఆవిడ కంటి మీద పడింది. ఆయన కుడిచెయ్యి వెనక నుంచి విడివడి ముందుకొచ్చింది. సగం దాకా వచ్చి ఆగింది. ఆ చేతిని మళ్లీ వెనక్కి తీసుకెళ్లి, ఎడమచేత్తో పట్టుకున్నారు.

“ఆ వెంట్రుక... జర నువ్వు తియ్ బేటీ. కంట్ల పడ్డది,” అన్నారు.

తీసి ఓఢ్నీ లోపలికి దోపాను. ఆయన కళ్లు నా వేళ్లనే చూస్తున్నాయి. ఇంకేమైనా సరిచేయాలా అని అడిగాను. లేదన్నారు. లేదంటూనే ఇంకాసేపు నన్ను అక్కడే ఉండమన్నారు. గేటు దగ్గరి వాళ్లు రెండోసారి పిలిచేదాకా వెనక పట్టుకున్న ఆ చేతులు ఆయన విడవలేదు.