సార్ నడక

మాకు సినిమా చూడడం నేర్పిన సార్ పోయారు. మొన్న పొద్దున తార్నాక సిగ్నల్ దగ్గర బస్సులో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. సార్ భార్యను మేమంతా అమ్మ అనే పిలిచేవాళ్ళం. "మీ సార్ పోయిండ్రు బిడ్డా, నిద్రలనే" అంది. ఆమె ఏడవలేదు. నేను దిగాల్సిన స్టాపు వదిలేసి లాలాపేట్ దాకా వెళ్ళిపోయాను. ఈ ఫోన్ ఎప్పుడో వస్తుందని తెలుసు. తెలిసి ఉండడం ఎందుకూ పనికిరాలేదు.

క్యాంపస్‌లో ఆయన పాఠం గురించి వింటే మిగతా డిపార్టుమెంట్ల వాళ్ళు నవ్వేవారు. సినిమా వేసి సౌండ్ తీసేసేవారు. కింద అక్షరాలు పడితే తెరకు అడ్డంగా అట్టముక్క పెట్టేవారు. "మాటలు అబద్ధమాడ్తయ్. మీరు కాళ్ళు చూడుండ్రి, భుజాలు చూడుండ్రి" అనేవారు. ఒకసారి, కొడుక్కి అన్నం వడ్డిస్తున్న తల్లిని వారమంతా చూపించారు. ఆమె నవ్వుతూనే ఉంటుంది. గరిటె మాత్రం గిన్నె అంచున ఒక్క క్షణం ఆగుతుంది. కొడుకు ఏం చేసి ఇంటికొచ్చాడో ఆమెకు అక్కడే తెలిసిపోయిందని, మనకు తెలియడానికి ఇంకా అరగంట పడుతుందని సార్ చెప్పారు. ఆ మధ్యాహ్నం మెస్సులో వడ్డించే ఆయన గరిటె ఆగితే నాకు ముద్ద దిగలేదు.

కొన్నిసార్లు తెర కూడా అక్కర్లేదు. తలుపు నుంచి కిటికీ దాకా ఆయనే నడిచేవారు. చావు కబురు మోసుకొచ్చేవాడిలా ఒకరోజు, దొంగ సొమ్ము జేబులో ఉన్నవాడిలా ఇంకోరోజు. ఆ మనిషెవరో మేం చెప్పాలి. సరిగ్గా చెబితే వేలి ఉంగరంతో బల్ల మీద రెండుసార్లు కొట్టేవారు. మెప్పు అంతవరకే. ఆ చప్పుడు కోసం మేం పడిచచ్చేవాళ్ళం.

ఒకరోజు ఆయన ఎడమ చేయి ఒంటికి అతుక్కున్నట్టు పెట్టుకుని, కురచ అడుగులతో క్లాసులోకి వచ్చారు. ముఖంలో ఏమీ లేదు. ఇంకేముంది, పాఠం మొదలైందనుకున్నాం. ఏదో దాస్తున్నాడని ఒకడు అన్నాడు. దెబ్బలు తిని వచ్చాడని ఇంకొకడు. నేను ఇంకాస్త తెలివి చూపించాను. "వెనకాల ఎవరో వస్తున్నారని తెలిసి కూడా వెనక్కి తిరగనివాడు సార్" అన్నాను. క్లాసంతా చప్పట్లు కొట్టింది.

ఉంగరం మోగలేదు. సార్ కిటికీ దగ్గర నిలబడి, తన చేతిని ఎవరిదో అన్నట్టు చూసుకుంటున్నారు.

"నేనింకా షురూ చెయ్యలే" అన్నారు.

ఒంటిని కొయ్యలా బిగించేసే జబ్బు అన్నారు డాక్టర్లు. ముందు చేయి, తర్వాత నడక, చివరికి ముఖం. తార్నాకలో వాళ్ళింటికి చూడడానికి వచ్చినవాళ్ళకు ఆ ముఖం కోపంగానో, విసుగ్గానో కనిపించేది. ఇబ్బందిపడి తొందరగా లేచేవారు. మెల్లగా రావడమే మానేశారు. సార్‌కు చావంటే అంత బెంగ లేదు. తానేమిటో ఎవరికీ తెలియకుండా లోపలే ఉండిపోతానని ఆయన భయం. "లోపల నవ్వుతనే ఉన్న బిడ్డా. బయటికొస్తలేదు" అన్నారు ఒకసారి, మాటలు కూడబలుక్కుని.

మరి ఒళ్ళు అబద్ధమాడదని మీరు చెప్పిన పాఠం సంగతేమిటని అడిగేశాను. నా నోరు అలాంటిది.  చూసేవాళ్ళు తొందరపడతారని, ఇంకా చిన్న కదలిక వెతకమని చెప్పారు. ఆ రోజు నేను చెప్పిన జవాబు కూడా సరైనదేనట. తానే ఉంగరం కొట్టలేదట. వెనకాల వస్తున్నదేమిటో ఆయనకు అప్పుడే తెలుసన్నమాట.

అప్పటినుంచి ఆదివారాలు వెళ్ళేదాన్ని. కుర్చీలోంచి లేచి లోపలి గదికి వెళ్ళే తన నడకను నా ఫోన్‌లో తీయమన్నారు. పాఠం పూర్తి కాలేదట. ఇంటికొచ్చి అవన్నీ వరసపెట్టి, సౌండ్ తీసేసి చూసుకునేదాన్ని. కరెంటు తగ్గుతున్నప్పటి ఫ్యానులా ఒక్కో ఆదివారానికి మనిషి మందగిస్తున్నాడు. ఎటు పోతున్నదో తెలిసిన సినిమాను చూస్తూ కూర్చోవడం తప్ప నేను చేయగలిగిందేమీ లేదు.

ఇప్పుడు నా ఉద్యోగం ఎడిటింగ్. మనిషి ఫ్రేము దాటగానే షాటును కోసెయ్యడం మాకు అలవాటు. ఆ తొందరకే సార్ నన్ను తిట్టేవారు. "మనిషి పోయినంక కూడ జర ఆగు. ఆయన కదిలిచ్చింది ఇంకా కదులుతనే ఉంటది గద."

ఆఖరి ఆదివారం నేనేదో ఆఫీసు గోల చెబుతున్నాను. ఆయన ముఖం రాయిలాగే ఉంది. కుర్చీ చేతి మీద చిటికెన వేలు మాత్రం సన్నగా వణికింది. రోజూ ఉండే వణుకు కాదు. "సార్, మీరు నవ్వుతున్నారు కదా?" అన్నాను.  అమ్మ ఆయన్ని లేపి నిలబెట్టింది. నేను ఫోన్ ఎత్తాను. ఒక్కో అడుగూ వేసుకుంటూ లోపలి గది గుమ్మం దాకా వెళ్ళి ఆగారు. వెనక్కి తిరగలేదు. తలుపు చెక్క మీద ఉంగరం రెండుసార్లు మోగింది.

పరదా తోసుకుని లోపలికి వెళ్ళారు. ఈసారి నేను కొయ్యలేదు.

మొన్నటినుంచి అదే చూస్తున్నాను, సౌండ్ తీసేసి. ఉంగరమున్న వేలు రెండుసార్లు లేస్తుంది. ఆయన ఫ్రేములోంచి వెళ్ళిపోతారు. పరదా ఊగుతూ ఉంటుంది. ఊపు తగ్గుతూ వస్తుంది. అది పూర్తిగా ఆగేలోపే ప్రతిసారీ మళ్ళీ మొదటికి తిప్పేస్తున్నాను.