చదవని వాక్యం

ఆ రోజు నేను చేసింది పొరపాటని ఇన్నేళ్లూ చెప్పుకుంటూ వచ్చాను. కోర్టులో అలాగే చెప్పాను. ఇంట్లోనూ అలాగే చెప్పాను. పొరపాటు కాదది. తెలిసి చేశాను. ఈ ఒక్క ముక్క రాయడానికి నాకు ముప్పై ఏళ్లు పట్టింది. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో సూర్యాపేట తాలూకా కచేరీ ముందర చాప వేసుకుని కాగితాలు రాసే మున్షీని. నిజాం సర్కారు రోజులు. కాగితం ఉర్దూలో ఉండాలి. రాయించుకునేవాళ్లు తెలుగువాళ్లు, చాలామంది వేలిముద్ర వేసేవాళ్లే. అందుకని మాకొక పద్ధతి ఉండేది. రాసినవాడే కాగితమంతా తెలుగులో చెప్పాలి. విన్నవాళ్లు సరేనన్నాకే వేలిముద్ర వేయించాలి. దాని కింద ‘చదివి వినిపించి, అర్థమయ్యేలా చెప్పాను’ అని రాసి సంతకం చేయాలి. జనం కాగితాన్ని నమ్మేవాళ్లు కాదు. ఆ సంతకాన్ని నమ్మేవాళ్లు.

పోలీసు చర్యకు ముందటి ఏడు రంగమ్మ నా దగ్గరికి వచ్చింది. ఆమె భర్త బడిపంతులు. ఆ ఎండాకాలమే జ్వరంతో పోయాడు. జీతంలో మిగుల్చుకుని ఆయన హైదరాబాదులో ఒక బట్టల మిల్లు వాటాలు కొన్నాడు. ఏటా వచ్చే లాభంతో కూతురు సావిత్రిని చదివించి టీచరును చేయాలన్నది ఆయన కోరిక. ఊళ్లో రజాకార్ల భయం. రంగమ్మ పిల్లను తీసుకుని కోదాడలో తమ్ముడి ఇంటికి వెళ్లిపోతోంది. అక్కడి నుంచి మిల్లు ఆఫీసు చుట్టూ తిరగడం ఆమె వల్ల కాదు. అందుకని ఆ పని మరిదికి అప్పగిస్తూ ముఖ్తార్‌నామా రాయించాలి. ఆమె తరఫున సంతకం చేసే అధికారం అతనికి ఇచ్చే కాగితమది.

ముందు రోజే మరిది ఒక్కడూ వచ్చి ఏం రాయాలో చెప్పాడు. రెండు సంగతులు. ఒకటి, ఏటా లాభం తీసుకునే అధికారం. రెండోది, వాటాలను ఎవరి పేరుకైనా, తన పేరుకైనా సరే, మార్చుకునే అధికారం. నేను తలెత్తి చూశాను.

“రెండోది వదినకు చెప్పేదేం లేదు మున్షీ. ఆడామె, పరేషాన్ అయితది,” అన్నాడు. లేచి చెప్పులు వేసుకుంటూ, “మిర్యాలగూడ వడ్ల మిల్లుల గుమాస్తా కావాల్నట. సేటు నాకు దోస్తు. నీ పేరు చెప్త,” అన్నాడు.

అంతే. బెదిరించలేదు. బతిమాలలేదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత చాలాకాలం అతను నన్ను భయపెట్టాడని నాకు నేనే కథ చెప్పుకున్నాను. భయమే అయితే ఆ రాత్రి నాకంత హాయిగా నిద్ర ఎలా పట్టింది?

మర్నాడు రంగమ్మ చాప అంచున కూర్చుంది. మరిది దూరంగా నిలబడి బీడీ కాలుస్తున్నాడు. నేను కాగితం పట్టుకుని చదవడం మొదలుపెట్టాను. ఆమె పేరు, భర్త పేరు, మిల్లు పేరు, లాభం తీసుకునే సంగతి. రెండో వాక్యం దగ్గరికి వచ్చాను. నా వేలు దాని మీదుగా జరిగి కిందికి పోయింది. నోరు పోలేదు.

ఆమె కాగితం వైపు చూసింది. “గింత పొడుగున్నది కాయిదం. నువ్వేమో రెండు ముచ్చట్లు చెప్పి ఊకున్నవ్. ఇంకేమన్న రాసున్నదా మున్షీ?”

“లేదమ్మా. అంతే. మిగతదంత సర్కారు మాటలు.”

“సర్కారుకు ఎప్పుడూ నోరు పొడుగే,” అని నవ్వింది. భర్త పోయాక ఆమె నవ్వడం నేను అప్పుడే చూశాను. “ఊరి పిల్లలందరికి సదువు చెప్పిండు మా ఆయన. నాకు మాత్రం ఒక్కక్షరం నేర్పలె. ఆయన ఉన్నడు గదా అనుకున్న. ఇప్పుడు నువ్వున్నవ్. ఏడ వెయ్యాలె?”

ఆమె బొటనవేలు పట్టుకుని సిరా పూసింది నేను. కాగితం మీద ఒత్తించింది నేను. వేలికి మిగిలిన సిరాను ఆమె జుట్టుకు రాసుకుంది, అందరూ చేసినట్టే. ఆ ముద్ర కింద నేను నా సంతకం పెట్టాను.

నెల తిరక్కుండా మిర్యాలగూడలో గుమాస్తానయ్యాను.

రెండేళ్లు లాభం రాలేదు. రంగమ్మ బట్టల మిల్లుకు జాబు రాయిస్తే, ఆమె భర్త పేరున వాటాలేవీ లేవని జవాబు వచ్చింది. మరిది వాటిని తన పేరుకు మార్చుకుని అమ్మేశాడు. సావిత్రి బడి ఆగిపోయింది. కాగితంలో తాను వినని వాక్యం ఒకటుందని వకీలు చెప్పాక రంగమ్మ దావా వేసి, నన్ను వెతుక్కుంటూ మిర్యాలగూడ వచ్చింది.

“మున్షీ కావాల్ననే దాచిన అంటే ఆ కాయిదం చెల్లదంట. మరిచిపోయిన అంటే మాత్రం కష్టమని వకీలు చెప్పిండు,” అంది. నా ముఖం చూసి, తనే తొందరపడి, “నువ్వు కావాల్నని చెయ్యవ్, నాకెరుక. ఉన్నది ఉన్నట్టు చెప్పు, చాలు,” అంది.

కావాలని దాచానంటే నాకు జైలు. మిల్లు పని పోతుంది. కోర్టులో నిలబడి, చదివే తొందరలో ఒక వాక్యం దాటిపోయిందని చెప్పాను. దావా కొట్టేశారు.

బయటికి వచ్చాక రంగమ్మ నా దగ్గర ఆగింది. తిడుతుందనుకున్నాను. “పోనీ తియ్యి. మనిషన్నంక మరుపుంటది,” అని వెళ్లిపోయింది. నేను చేయని పొరపాటుకు నన్ను క్షమించింది. చేసిన తప్పు అలాగే నాలో ఉండిపోయింది. మొదటి రోజు మోసం పెద్దదా, కోర్టులో ఆడిన అబద్ధం పెద్దదా? ఎన్నిసార్లో నన్ను నేనే అడిగాను. మొదటిసారి ఆమె కష్టం నాకింకా కనబడలేదు. రెండోసారి ఎదురుగా నిలబడి ఉంది.

పోయిన ఏడాది రంగమ్మ చనిపోయిందని తెలిసింది. ఆమె బతికుండగా ముప్పై ఏళ్లు ఆగినవాణ్ణి, ఇక ఆగలేకపోయాను. జరిగిందంతా తెలుగులో రాసి, సంతకం పెట్టి కోదాడ వెళ్లాను. సావిత్రి తన ఇంటి వసారాలో జాకెట్లు కుడుతోంది. నేనెవరో చెప్పాను. మిషను ఆపింది. కాగితం తీసి మొత్తం చదివాను. మరిది మాట, వడ్ల మిల్లు మాట, కోర్టులో అబద్ధం. నా వేలు ఎక్కడా నోటిని దాటి పోలేదు.

“ఇంకేమైనా రాసుందా అందులో?” అని అడిగింది.

వాళ్లమ్మ అడిగిన సంగతి ఆమెకు తెలియదు.

“లేదమ్మా. అంతే. దీన్ని ఏ కోర్టులోనైనా ఇచ్చుకో. ఎప్పుడు పిలిచినా వచ్చి చెబుతాను.”

చెయ్యి చాచింది. ఇచ్చాను. నా మాట నమ్మి ఊరుకోకుండా మొదటి అక్షరం నుంచి తనే చదువుకుంది. నేను నిలబడే ఉన్నాను.

“అమ్మ ఉన్నప్పుడు రావాల్సిందండి,” అంది.

“అవును,” అన్నాను.

కాగితాన్ని మడిచి మిషను సొరుగులో పెట్టుకుంది. మళ్లీ కుట్టడం మొదలుపెట్టింది.