మూడో యుద్ధం తర్వాతే నిద్ర

ఆదివారాలు నంద్యాలలో మా మిద్దె మీద పాచికలేసి ఆడే కథల ఆట నడుస్తుంది. ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కే మిత్రులు ముగ్గురు బస్సులో వస్తారు. ఆటలో వాళ్లు వీరులు. రాక్షసులను దింపేది నేను.

వాళ్లతో నాకు ఒకటే పేచీ. ఒక్క యుద్ధం గెలవగానే వీరులను పడుకోబెట్టేవాళ్లు. పడుకుంటే పోయిన బలమంతా తిరిగొస్తుంది. ఇక ఏ రాక్షసుడికి భయపడతారు? నాకు ఒళ్లు మండి రూలు పెట్టాను: మూడు యుద్ధాలు గెలిచేదాకా నిద్ర లేదు.

నాయన పోయి, దినాలు అయిన మరుసటి ఆదివారం కూడా వచ్చారు. షామియానా వాళ్ల కుర్చీలు ఇంకా వాకిట్లోనే ఉన్నాయి. నాకు ఏడుపు రాలేదు, ఆకలీ కాలేదు. ఆట మొదలుపెట్టాను. రెండో యుద్ధంలో రాక్షసుడు చచ్చిపోయినా వాడి తరఫున పాచికలు వేస్తూనే ఉన్నాను. ఎవరూ నవ్వలేదు.

ముగ్గురిలో పెద్దాయన నా చేతిలోంచి పాచికలు తీసుకున్నాడు. ఆయన గోళ్లనిండా రాతిదుమ్ము.

"నువ్వు పోయి పండుకోప్పా. మేం ఈడనే ఉంటాం."

"యాడ పండుకునేది? ఇంగా ఒక యుద్ధం ఉండాది," అని పాచికల కోసం చెయ్యి చాపాను.