ఊట దగ్గర చెప్పకూడని మాట

మా ఊట బావ పోయాడన్న కబురు నాకు అతని మనవరాలే తెచ్చింది. ఆ పొద్దున వాన కాస్త తెరిపి ఇస్తే, వాకిట్లో కూర్చుని ఒక పాత రేడియో పొట్ట విప్పి తడి తుడుస్తున్నాను. ఆ గుంట తలమీద గోనెసంచి కప్పుకుని, చేతిలో నారతాళ్ల కట్టతో వచ్చి నిలబడింది. తాళ్లు చూసి, ఊట గురించి ఏదో చెప్పడానికి వచ్చిందనుకున్నాను.

"ఎంతుంది నీరు?" అన్నాను.

"తాత పోనాడు," అంది. "నీరు ఇంకా సూడలేదు," అని కూడా అంది.

రెండు కబుర్లూ ఒకే గొంతుతో చెప్పింది. అప్పుడు నాకది వింతగా తోచింది. ఇప్పుడు తోచడం లేదు.

అతన్ని ఎరగనివాళ్ల కోసం చెబుతాను. అనంతగిరి దాటాక పెద్దరోడ్డు వదిలి, కాఫీ తోటల మధ్య మట్టిదారిన ఎక్కితే మా గూడెం వస్తుంది. పాతిక గడపలుంటాయి. గూడెం పైన ఏటవాలులో ఒక ఊట ఉంది. దాని నీళ్లే గొట్టంలో దిగి మా కుళాయికి వస్తాయి. ఆ ఊటను కనిపెట్టుకుని ఉండే మనిషి అతను. వాళ్ల నాన్న చేసిన పనే ఇతనూ చేశాడు. గూడెం అందరికీ ఊట తాత. నాకు ఒక్కడికే బావ. రేడియోలు బాగుచేసుకుంటూ సంతకి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మైదానం మనిషిని నేను. మొదటిరోజు నన్ను ఎగాదిగా చూసి, "నిన్నేటని పిలవాలి? అన్నా అంటే గౌరవమివ్వాలి. బావా అంటే తిట్టొచ్చు. ఏటి బావా, తిన్నావా?" అన్నాడు. అలా కలిసిన చుట్టరికం ముప్పై ఏళ్లు నిలిచింది.

నేను బడికి వెళ్లినవాణ్ణి కాదు. సంతలో పకోడీలు కట్టిచ్చిన కాగితాల మీద అక్షరాలు నేర్చుకున్నాను. అందుకే నాకు తెలిసిన ప్రతి సంగతీ మధ్యలో మొదలై, తేలేలోపే చినిగిపోతుంది. ఒక హత్య కేసులో హంతకుడెవరో నాకు ఈ రోజుకీ తెలియదు. నూనె మరక మింగేసింది. ఈ చదువు వల్ల ఒక్క లాభం కలిగింది. పొట్లం ఏ వైపున్నా చదవాలి కాబట్టి, తలకిందులుగా ఉన్న అక్షరాలు కూడా నాకు కొరుకుడు పడతాయి. దీని అవసరం ముందు ముందు వస్తుంది కాబట్టి చెప్పాను.

బావ చదువు వేరే. వానాకాలం మొదలైన రోజు నుంచి ముగిసేదాకా, రోజూ పొద్దున్నే ఎండిన ఆనపబుర్ర భుజాన తగిలించుకుని ఊటకి ఎక్కేవాడు. ఊట నీరు తొట్టిలోకి పడే గొట్టం మూతి కింద బుర్రను పెట్టి, అది నిండేలోపు తను ఎన్నిసార్లు ఊపిరి తీశాడో లెక్కపెట్టేవాడు. ఆ లెక్కను అడవిలోని అడ్డతీగ నారతో పేనిన తాడు మీద ముడిగా వేసేవాడు. బుర్ర బేగి నిండితే ముడి దగ్గరగా, ఆలస్యమైతే ఎడంగా. వానాకాలానికి ఒక తాడు.

ఒకసారి వాచీ ఇచ్చాను. రెండురోజులు పెట్టుకుని తిరిగిచ్చేశాడు.

"కొండెక్కినాక ఊపిరి ఎగరదా? లెక్క తప్పదా?" అన్నాను.

"అందుకే ఎక్కగానే కొలవను. కూకుని సుట్ట కాల్సినాక కొలుత్తాను. నువ్వు రేడియో ఇప్పే ముందు తీగ పీకవేటి? ఇదీ అంతే."

అతను చెప్పిన మాటల్లో ఒకటి ఈ రెండురోజులుగా నా చెవిలోంచి పోవడం లేదు. "వానకి నీరు పెరిగితే బయం లేదు బావా, కొండ కక్కేత్తన్నాదన్నమాట. వాన పడతానే ఉండి నీరు తగ్గిందా, అది తాగి కడుపులో ఎట్టుకుంటన్నాది. తాగినోడు ఎప్పుడు తూలతాడో ఎవుడికి తెలుసు?"

ఇంకో కట్టుబాటు ఉండేది. చెడుమాట ఏదైనా ఊట దగ్గర అనకూడదు, ఊట వింటుంది. దిగే దారిలో మలుపు దగ్గర ఒక నల్లరాయి ఉంది. అది దాటాకే నోరు విప్పాలి. నీళ్లకి చెవులుంటాయా అని వెక్కిరించాను. "నీ రేడియోకి నోరున్నప్పుడు దీనికి సెవులుండవా?" అన్నాడు.

ఒక ఏడు అతను ఆ రాయి దాటి గూడెంలోకి వచ్చి, పై వరస ఇళ్లు ఖాళీ చెయ్యమన్నాడు. నా ఇల్లు ఆ వరసలోదే. సణుగుతూ, తిడుతూ, రేడియోలు ఒక్కొక్కటే మోసుకుని దిగాను. నాలుగోరోజు తెల్లారేసరికి పై వరస లేదు. ఎర్రటి బురదలో నా ఇంటి ద్వారబంధం ఒక్కటే నిలబడి ఉంది, ఎవరినో లోపలికి రమ్మంటున్నట్టు. బావ దాన్ని చూసి ఏమీ అనలేదు. తను చెప్పింది నిజమైనప్పుడు ఆ మనిషి మొహం ఎప్పుడూ వెలగలేదు. ఇలాంటివాణ్ణి ఇంకొకణ్ణి నేను చూడలేదు.

మనవరాలు చిన్నప్పటి నుంచి అతని వెనకే ఎక్కి దిగేది. తరవాత కింద ఊళ్లో డిగ్రీలో చేరింది. కిందటేడు బావ పాచిరాళ్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ వానాకాలమంతా రోజూ ఊటకి ఎక్కింది ఆ పిల్లే. కాలేజీలో హాజరు చాలక ఒక పేపరు పోయింది. నాలుగు క్రెడిట్లు తక్కువయ్యాయి. అవి పూడితేనే డిగ్రీ చేతికొస్తుంది, లేకపోతే మూడేళ్లూ వట్టిదే. అప్పుడు అక్కడి చిన్న మేడం ఒక మంచిమాట చెప్పింది. తరగతి బయట నేర్చుకున్న దానికి కూడా ఇప్పుడు క్రెడిట్లు ఇవ్వొచ్చట. కమిటీ వచ్చి చూసి, నిజంగా వచ్చునని ఒప్పుకుంటే చాలట.

"కొండకి ఇన్నాళ్లకి కాలేజీలో సీటు దొరికినాదన్నమాట!" అని బావ ఎగతాళి చేశాడు. చేశాడు గాని, కమిటీ వచ్చే రోజున ఉతికిన చొక్కా వేసుకుని, అందరికంటే ముందు లేచి కూర్చున్నాడు.

ఈ వానలు మొదలైన కొత్తలో వచ్చారు. ఐదురోజుల నుంచి విడవకుండా ముసురు. జీపులోంచి ముగ్గురు దిగారు: పెద్ద సారు, ఫారం పట్టుకున్న సారు, చిన్న మేడం. బావ ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో నా భుజం పట్టుకుని, వద్దన్నా వినకుండా ఊటదాకా ఎక్కాడు.

"ఎన్ని గంటలు నేర్చుకున్నావమ్మా?" అన్నాడు ఫారం సారు.

"తొమ్మిది వానలు సార్."

"గంటల్లో చెప్పాలి. ఫారంలో వానలు లేవు."

"ఫారంలో ఎందుకుంటాయి బాబూ, అయ్యి పైన కదా ఉంటాయి," అన్నాడు బావ. పెద్ద సారు కూడా నవ్వాడు. ఆ రోజు అందరం కలిసి నవ్వింది అదొక్కసారే.

"సరే, కొలిచి చూపించు. ఏం తెలిసిందో చెప్పు," అన్నాడు పెద్ద సారు.

తాత చుట్ట సగం కాలేదాకా ఆ పిల్ల కదలకుండా కూర్చుంది. తరవాత బుర్ర పెట్టింది. ఈ నెలలో మామూలుగా నలభై ఊపిళ్లకి నిండాలి. నేనూ లోపల లెక్కపెడుతున్నాను. నలభై దాటింది. అరవై దాటింది. పైన వాన కురుస్తూనే ఉంది. డెబ్బై దగ్గర బుర్ర పొర్లింది. ఆ పిల్ల పెదవులు ఆగిపోయాయి. తాత వైపు చూసింది. అతను చుట్ట పారేశాడు.

"ఏం తెలిసిందమ్మా?"

మాట్లాడలేదు.

"భయపడకు. వైవానే కదా. చెప్పు."

"కిందికెల్లి సెప్తాను సార్."

"కిందికెందుకు? నీళ్లు ఇక్కడున్నాయి కదా!"

తల దించుకుని నిలబడింది. ఫారం సారు రాశాడు. నేను ఎదురుగా ఉన్నాను, తలకిందులుగా చదివాను. 'అభ్యర్థి జవాబు చెప్పలేకపోయింది.' నా నోరు తెరుచుకుంది. ఆ కట్టుబాటు నాది కాదు, నేను కిందివాణ్ణి, నేను చెప్పొచ్చు. బావ తన కర్రమొన నా పాదం మీద ఆనించి నొక్కాడు. నోరు మూసుకున్నాను. ఎందుకు మూసుకున్నానని ఆ రోజంతా నన్ను నేనే తిట్టుకున్నాను.

నల్లరాయి దాటగానే ఆ పిల్ల గడగడా చెప్పేసింది. వానకి నీరు పెరగాలి, తగ్గింది. కొండ తాగుతోంది. వాలు నమ్మడానికి లేదు.

పెద్ద సారు చెడ్డవాడేమీ కాదు. మెల్లగానే అన్నాడు. "బాగా చెప్పావమ్మా. కానీ పరీక్ష పైన అయిపోయింది. ఇప్పుడు చెప్పింది లెక్కలోకి రాదు."

"ఆ తాళ్లు రుజువుగా పెడితే మళ్లీ వినొచ్చు కదా సార్?" అంది చిన్న మేడం.

"రుజువంటే కొండ పడాలి కదా మేడం," అని నవ్వాడు ఫారం సారు. మా వాళ్లెవరూ నవ్వలేదు.

బావ కుంటుకుంటూ జీపు డ్రైవరు దగ్గరికి వెళ్లాడు. "బాబూ, ఎప్పుడొచ్చినా బండి ఈ వాలు కింద ఎట్టకు. ఆ గట్టు మీద ఎట్టు," అన్నాడు. కమిటీతో అతను వాదించలేదు. చెప్పాల్సిన మాట వినేవాడు ఎవరో చూసి, వాడికి చెప్పాడు.

ఆ తడికే అతనికి జ్వరం పట్టుకుంది. మంచం మీద నుంచి రోజూ ఒకటే ప్రశ్న: "ఎన్ని ఊపిళ్లు?" మనవరాలు చెప్పేది. అతను కళ్లు మూసుకునేవాడు. చివరి రోజున లెక్క విని, "ఇంక దింపీయండి," అన్నాడట. తనను మంచం మీంచి దింపమన్నాడని ఇంట్లోవాళ్లు అనుకున్నారు. గూడేన్ని దింపమన్నాడని ఆ పిల్ల అనుకుంది.

ఊట చూసిన మనిషి పోతే అతని తాళ్లు అతనితోపాటే చితిమీదికి వెళ్లాలి. అది ఇక్కడి ఆచారం. పాతవి ఎలుకలు తినగా మిగిలినవి తొమ్మిది. ఆ పొద్దున మా వాకిట్లో ఆ గుంట పట్టుకుని నిలబడింది ఆ తొమ్మిదినే.

"ఇయ్యి తాతతో పోవాలి. కాలేజీకీ కావాలి. ఏటి సెయ్యమంటావు?" అంది.

దాచుకో అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. కాగితం ముక్క పారెయ్యలేని చదువు నాది. "మీ తాత ఏమన్నాడు?" అని మాత్రం అడిగాను.

"నా ముడులు నాతోటి, నీ ముడులు నీతోటి అన్నాడు."

ఆ మాట పైకి అన్నాక ఆమెకే దారి తెలిసింది. కట్ట విప్పింది. కిందటేటిదీ, ఈ ఏటిదీ తను ముడులు వేసినవి. ఆ రెండూ పక్కన పెట్టింది. మిగిలిన ఏడూ బావ గుండెల మీద పెట్టాం. తడికట్టెలు ఎంతకీ రగల్లేదు. తాళ్లే ముందు అంటుకున్నాయి.

గురువారం మళ్లీ వైవా పెట్టించానని, ఉన్న తాళ్లు పట్టుకుని రమ్మని చిన్న మేడం ఫోన్ చేసింది. బుధవారం పొద్దున నేనూ ఆ పిల్లా ఊటకి ఎక్కాం. చుట్ట కాల్చేవాడు లేడు. ఆ కాస్త సేపూ ఊరికే కూర్చున్నాం. బుర్ర పెట్టింది. వంద ఊపిళ్లకి సగమే నిండింది. ఆ పిల్ల తాడు తీసి, ఎంత ఎడంగా ముడి వెయ్యాలో వేలితో కొలిచి, ఆగిపోయింది. అంత ఎడం వదలడానికి తాడు లేదు. రోజురోజుకీ ఎడమవుతూ వచ్చిన ముడులే దాన్ని చివరిదాకా లాక్కొచ్చేశాయి. ఏమీ అనలేదు. నేనూ అనలేదు. నిండని బుర్రను అక్కడే వదిలేసి లేచింది.

నల్లరాయి దాటాక అంది. "మేడంకి ఫోన్ సెయ్యి. రేపు నాను రానని సెప్పు. ఆ జీపు పంపమను. నడవలేనోళ్లున్నారు."

"మరి క్రెడిట్లో?"

"ముందు ఊరు దిగనీ."

జీపు వచ్చింది. డ్రైవరు ఎవరూ చెప్పకుండానే బండి గట్టుమీద నిలిపాడు. ముసలివాళ్లనీ, బాలింతనీ ఎక్కించుకుని మూడుసార్లు తిరిగాడు. మిగతావాళ్లం మేకలతో, బుట్టలతో నడిచాం.

ఇదంతా లోయకి ఇవతల, బడి వరండాలో కూర్చుని రాస్తున్నాను. రెండురోజులైంది. కొండ పడలేదు. వాన ఆగలేదు. "ఊట తాత సెప్తే ఒచ్చేవోళ్లం, ఇప్పుడు గుంట సెప్తే కూడా ఒచ్చీసినాం," అని ఒకడు పొద్దుటి నుంచి గొణుగుతున్నాడు. ఆ పిల్ల విననట్టు నారతో కొత్త తాడు పేనుతోంది.

"పడకపోతే బాగుణ్ణు," అంది ఇందాక, తల ఎత్తకుండా. తరవాత తనే నవ్వింది. "పడకపోతే నాను ఫెయిలు."

బావ ఉంటే ఏదో ఒకటి అనేవాడు, మేమంతా నవ్వేవాళ్లం. ఈ ముప్పై ఏళ్లలో అతను నన్ను తిట్టిన తిట్లన్నీ గుర్తు చేసుకుంటున్నాను. బతికించిన రోజున మాత్రం తిట్టలేదు.

ఇప్పుడే మబ్బు కాస్త పక్కకి తొలిగింది. అవతల మా వాలు కనిపిస్తోంది, దాని మీద సన్నగా తెల్లటి గొట్టం. దాని పై కొసన, ఊట దగ్గర, ఆ బుర్ర ఉంది. ఇంతదూరానికి అది కనిపించదు. అయినా అటే చూస్తూ, నాకు తెలియకుండానే ఊపిళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.