షేక్ హ్యాండ్ పాఠం

మా బడి గేటుకు ఆ ఫ్లెక్సీ కట్టిన రోజు నుంచి దించిన రోజు దాకా దాని కిందనే లోపలికి పోయాను, దాని కిందనే బయటికి వచ్చాను. తలెత్తి చూసినప్పుడల్లా రోత పుట్టేది. చూడకుండా పోదామంటే అది గేటంత వెడల్పు ఉండేది.

మాది రాజంపేట వైపు. ఉద్యోగం కోసిగి దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో, చెప్పేది సోషల్. ఇక్కడ పంట ఇంటికి వచ్చినా రాకపోయినా కార్తీకం నాటికి ఊళ్లు ఖాళీ అవుతాయి. కూలి జనం మూటలు కట్టుకుని, లారీలెక్కి, గుంటూరు వైపు మొదట పత్తి తీయడానికి, ఆ తర్వాత మిరపకాయలు కోయడానికి పోతారు. సుగ్గికి పోవడం అంటారు దాన్ని. పెద్దల వెంట పిల్లలూ పోతారు. హాజరు తీసుకుంటూ వాళ్ల పేర్లు పిలవడం కొన్నాళ్లకు నేనే మానేస్తాను.

అట్లాంటి బడికి విదేశంలో ఒక బడితో స్నేహం కుదిరింది. కుదిర్చింది హైదరాబాదులో ఆఫీసున్న ఒక సంస్థ. రెండు బడుల పిల్లలూ కంప్యూటర్ తెర మీద మాట్లాడుకుంటారట, ఒకరి నుంచి ఒకరు నేర్చుకుంటారట, చదువు అయ్యేసరికి ఉద్యోగాలకు తయారై ఉంటారట. ఉత్త మాటలు కావని చూపించడానికి మా వైపు నుంచి ఒక యజమానిని కూడా కలుపుకున్నారు. ఆయన ఈ మండలంలో పెద్ద భూస్వాముల ఇంటి మనిషి, కర్నూలు దగ్గర హైవే మీద పెద్ద హోటల్ ఉంది. పదో తరగతి అయ్యాక మా పిల్లల్లో ముగ్గురిని తీసుకుని, హాస్టల్లో పెట్టి ఇంటర్ చదివిస్తూ, హోటల్ రిసెప్షన్లో పని నేర్పిస్తానన్నాడు. ఆ మాట విన్న రోజు నాకూ సంతోషం వేసింది. అబద్ధమెందుకు చెప్పాలి.

ఆ ఏడు పదో తరగతిలో చర్చి వీధి పిల్ల ఒకతి ఉండేది. అమ్మా నాయనా ఇద్దరూ కూలీలు. ఏటా వాళ్లతో సుగ్గికి పోయి, పరీక్షల ముందు నల్లగా మాడిపోయి వచ్చి, ఎట్లాగో గట్టెక్కేది. ఈసారి పోనని, అవ్వ దగ్గర ఉండి చదువుకుంటానని, ఆ హోటల్ పని తెచ్చుకుంటానని పట్టుబట్టింది. వాళ్లమ్మ బడికి వచ్చి, మెట్ల కిందనే నిలబడి, ఆ పని సంగతి నిజమేనా అని నన్ను అడిగింది. హెడ్మాస్టరు మాకు చెప్పిందే నేను ఆమెకు చెప్పాను.

"అట్లయితే ఇడ్సిపోతా మేడం," అంది. "చేను కాడ ఆ పాప లేకుంటే మాకు శానా ఇబ్బంది. అయినా కానీ, ఒక్కతన్నా నీడపట్టున కూసోని బతకనీ."

అందుకని ఆ పిల్ల ఒక్కతే ఆ వీధి నుంచి ఆ ఏడు బడికి వచ్చింది.

సంస్థ తరఫున శిక్షణ ఇవ్వడానికి ఒక కుర్రాయన వచ్చేవాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా మెడకు టై ఉండేది. ఉద్యోగానికి పోతే ఎట్లా నడవాలి, ఎట్లా కూర్చోవాలి, ఎట్లా చెయ్యి కలపాలి అన్నవి ఆయన పాఠాలు. చెయ్యి గట్టిగా పట్టుకోవాలి, ఎదుటివాళ్ల కళ్లలోకి చూడాలి, నవ్వాలి, అప్పుడు మాట మొదలుపెట్టాలి. మా పిల్లలకు అది నవ్వులాటయింది. ఆడపిల్లలు చెయ్యి ముందుకు పెట్టి, ఎదుటివాళ్లు అందుకునే లోపే వెనక్కి లాక్కునేవాళ్లు. మగపిల్లలు పట్టుకుని మెలిపెట్టేవాళ్లు.

ఈ పిల్ల మాత్రం మొదటిసారే సరిగ్గా చేసింది. చెయ్యి చాపి, తలెత్తి, ఆయన ముఖంలోకి చూసి నవ్వింది. ఎక్కడ నేర్చుకున్నావని ఆయన అడిగితే "చర్చిలో సార్" అంది. అది నాకు తెలిసిందే. ఆదివారం ప్రార్థన ముగిశాక వాళ్లంతా ఒకరికొకరు చెయ్యి కలిపి వందనాలు చెప్పుకుంటారు. పాస్టరుగారు గుమ్మం దగ్గర నిలబడి ముసలివాళ్లకూ పసిపిల్లలకూ ఒకే తీరుగా చెయ్యిస్తాడు. చెయ్యి చాపితే ఎదుటివాళ్లు పట్టుకుంటారన్నది ఆ పిల్లకు ఊహ తెలిసినప్పటి నుంచీ అలవాటైన సంగతి. శిక్షకుడు మురిసిపోయి ఆమెను ముందు నిలబెట్టి మిగతా పిల్లలకు పాఠం చెప్పించాడు. ఎంపికయ్యే ముగ్గురిలో ఈమె ఉన్నట్టేనని స్టాఫ్ రూములో అందరి ముందూ అన్నాడు. హెడ్మాస్టరు తలూపాడు.

తర్వాత విదేశం నుంచి ఇద్దరు టీచర్లు, ఒకామె, ఒకాయన, మా బడిని చూడటానికి వస్తున్నారని కబురొచ్చింది. ఆ ముందు వారమంతా బడికి ముస్తాబు. రోడ్డు వైపు గోడకు మాత్రమే రంగేశారు. ఆడపిల్లల మరుగుదొడ్డి కడిగించి, వాళ్లొచ్చేదాకా పాడు కాకూడదని తాళం వేశారు. పిల్లలు సర్కారు తుమ్మల వెనక్కి పోయి వచ్చేవాళ్లు. ఇదేం పని అని నేను అడిగితే, నాలుగు రోజులు ఓర్చుకోలేరా అని హెడ్మాస్టరు నా మీదే విసుక్కున్నాడు. ఉద్యోగ జీవితానికి తయారు చేస్తున్నామని బయట గోడ మీద రాయిస్తున్నదీ ఆ రోజుల్లోనే.

వాళ్లు వచ్చిన పొద్దున పిల్లలను వరండాలో వరసగా నిలబెట్టారు. మొట్టమొదట ఈ పిల్ల. రెండు జడలు వేసుకుని, నూనె మెరుస్తూ, ఉతికిన యూనిఫాంలో నిలబడింది. విదేశీ టీచరమ్మ కారు దిగి రాగానే చెయ్యి చాపి, నేర్పిన ఇంగ్లీషు మాట తడబడకుండా చెప్పింది. ఆమె ఆ చెయ్యి పట్టుకుని ఊపి, రెండో చెయ్యి కూడా దాని మీద వేసింది. ఫోటోలు తీశారు. ఆమె వెనక ఆయనా చెయ్యి కలిపాడు. వాళ్ల వెనక హోటల్ యజమాని వచ్చాడు, తెల్ల చొక్కా, తెల్ల పంచె.

ఆ పిల్ల ఆయనకూ చెయ్యి చాపింది. కళ్లలోకి చూసింది. నవ్వింది. నేర్పింది నేర్పినట్టే చేసింది.

ఆయన ఆ చెయ్యి వైపు చూశాడు. తర్వాత హెడ్మాస్టరు వైపు చూశాడు. తర్వాత రెండు చేతులూ జోడించి, ఆ పిల్ల తల మీదుగా వెనకనున్న వాళ్లకు "అందరికీ నమస్కారం" అని, పక్కకు జరిగాడు. పక్కన నిలబడిన పిల్లవాడి భుజం మీద చెయ్యేసి "యా ఊరప్పా మీది, ఎవరి కొడుకువి?" అని నవ్వుతూ అడిగాడు. ఆ పిల్లను అడగలేదు. అడగాల్సిన పని లేదు. ఈ మండలంలో ఎవరి ఇల్లు ఏ వీధిలో ఉందో ఆయనకు తెలియనిది కాదు.

చాపిన చెయ్యి కాసేపు అట్లాగే ఉంది. వెనక మా టీచరొకాయన కిసుక్కున నవ్వాడు. శిక్షకుడు గబుక్కున వచ్చి అతిథుల కోసం తెచ్చిన గులాబీ ఒకటి ఆ చేతిలో పెట్టి, విదేశీయుల వెంట పరిగెత్తాడు. పిల్ల గులాబీని ఎడమ చేతికి మార్చుకుని, కుడిచెయ్యి పావడాకు తుడుచుకుంది. ఆ చేతికి ఏమీ అంటలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ తర్వాత సభ. ఏ పనీ తక్కువది కాదని ఆ పెద్దమనిషి మైకులో చాలాసేపు మాట్లాడాడు. శిక్షకుడు ఇంగ్లీషులో చెబుతుంటే విదేశీయులు చప్పట్లు కొట్టారు. వాళ్లకు ఏమీ తెలియదు, తెలియనివ్వలేదు. మధ్యాహ్నం బిరియానీ తిని పోయారు.

కార్లు పోయాక హెడ్మాస్టరు ఆ పిల్లను స్టాఫ్ రూములోకి పిలిపించాడు. కేకలేయలేదు, మెత్తగానే చెప్పాడు.

"అది బయటోళ్లకు పాపా. మనోళ్లకు నమస్కారం పెట్టల్ల. ఆ మాత్రం తెలీదా నీకు?"

ఆమెకు బదులు నేను మాట్లాడాను. మీరు నేర్పించిందే కదా చేసింది, సిగ్గుపడాల్సింది ఎవరు అని అడిగాను. "మీరు కడపోళ్లు మేడం, ఈడి సంగతి మీకు తెలీదు," అన్నాడు. కడపలో చేతులు పట్టుకుని తిరుగుతున్నామా? మా ఊళ్లోనూ ఇదే కంపు. అది కూడా చెప్పాను. ఆయన చాయ్ తెమ్మని అటెండరుకు చెప్పాడు.

శిక్షకుణ్ణి పట్టుకున్నాను. చదువుకున్నవాడు, వయసులో ఉన్నవాడు, ఏమైనా అంటాడనుకున్నాను. జరిగింది దురదృష్టకరమేనని, వచ్చే ఏడాది పాఠాల్లో స్థానిక పెద్దలను పలకరించే పద్ధతి కూడా చేరుస్తామని అన్నాడు. ఆ టై పట్టుకుని లాగాలనిపించింది.

వారం లోపే హోటల్ నుంచి ముగ్గురి పేర్లూ వచ్చాయి. ఈ పిల్ల పేరు లేదు. కావాలంటే గదులు తుడిచే పనికి తీసుకుంటారట, దానికి ఇంటర్ చదువు అక్కర్లేదట. ఆ మాట హెడ్మాస్టరు తరగతిలో అందరి ముందూ చెప్పాడు, ఏదో మేలు చేస్తున్నట్టు. మర్నాటి నుంచి ఆ పిల్ల బడికి రాలేదు.

నేను మనిషిని పంపాను, రాలేదు. వీధిలోకి పోయాను. ఇంట్లో అవ్వ మాత్రమే ఉంది, పిల్ల పొలం పోయిందంది. ఇంకోసారి పోయినా అదే మాట. ఆ మధ్యే గేటుకు ఫ్లెక్సీ కట్టారు. విదేశీ టీచరమ్మ రెండు చేతుల మధ్య ఆ పిల్ల చెయ్యి, నవ్వు ముఖం, కింద పెద్ద అక్షరాల్లో ఉద్యోగ జీవితానికి తొలి అడుగు అని. బడికి రాని పిల్ల బొమ్మ బడి గేటు మీద వేలాడేది. తీసేయమని అడిగితే, పై అధికారులు చూసి మెచ్చుకున్నారు మేడం అన్నారు.

క్రిస్మస్‌కు సుగ్గి నుంచి వాళ్ల అమ్మానాయనా వచ్చారు. పండగ మర్నాడు మళ్లీ పోయాను. ఇంటి ముందు మూటలు కడుతున్నారు, ఈసారి ఆ పిల్ల మూట కూడా ఉంది. పరీక్షల దాకా నా ఇంట్లో ఉంచుకుంటానని వాళ్లమ్మతో అన్నాను. ఆమె బిడ్డ వైపు చూసింది.

"మిరప చేన్లో ఎవరూ చెయ్యి ఇయ్యమనరు మేడం," అంది ఆ పిల్ల. "ఈడ నాకొద్దు."

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. నేను ఎంత చెప్పినా తాడు ముడి వేస్తూనే ఉంది.

నేను లేవబోతుంటే వాళ్లమ్మ మొహమాటపడుతూ ఒకటి అడిగింది. "గేటుకు అంత పెద్ద ఫ్లెక్సీ ఉండాది గదా మేడం. దింపినాక మాకిప్పిస్తారా? ఆడ గుడిసె మింద కప్పుకుంటాం. మంచు శానా పడతాది."

అధికారులు చూసి పోయారు కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు. అటెండరు చేత దింపించి, చుట్ట చుట్టించి, లారీ కదిలే ముందు నేనే తీసుకుపోయి ఇచ్చాను. నాయన దాన్ని విప్పి, చిరుగులున్నాయేమోనని చూసి, చాలా గట్టిదన్నాడు. ఆ పిల్ల లారీలో మూటల మీద కూర్చుని తన బొమ్మను తనే చూసింది.

"బొమ్మ పక్క పైకి కప్పు నాయనా," అంది. "లోపలికొద్దు. పండుకుంటే కనపడతాది."